మట్టెవాడనుండి కడలి యొడ్డునకు

ఓరుగల్లు కోటకును హనుమకొండకును నడుమనున్న పాతపేటలలో మట్టెవాడ యొకటి. ఇప్పుడివన్నియు నొకే మహానగరముగ గలిసిపోయినను, ఇచటివారు తమది మట్టెవాడ యనియే చెప్పుకొందురు. పేరు వినగానే మన స్త్రీలకు కాలిమట్టెలు తలపునకు వచ్చును. ఇచట భోగేశ్వరస్వామి యాలయము కలదు. చేరువనున్న కొత్తవాడలో మగ్గముల చప్పుడు నేటికిని పూర్తిగ నణగలేదు. ఆ మగ్గములపై నేయు వరంగల్లు దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీలను దొరలు చూచి మెచ్చుకొనిరట. ఇన్నియు నుండియు మా వాడకు లేనిది సముద్రము. భద్రకాళి చెఱువుగట్టున నిలిచి గాలికి లేచు చిన్న తరంగములను చూచుటయే మాకు తెలిసిన యలల వైభవము.

అట్టి యూరివారము సముద్రపుటలలనుండి విద్యుచ్ఛక్తి తీయు పనిని గూర్చి వ్రాయబూనుట చదువరులకు వింతగ తోచవచ్చును. కాని ఓరుగల్లునకు సముద్రముతో చుట్టరికము నేటిది కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున నచట వేయించిన యభయశాసనము వీరభద్రాలయ స్తంభముపై నేటికిని నిలిచియున్నది. పూర్వపు రాజులు తుపానులో చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని ధనమును బలాత్కారముగ లాగుకొనెడివారట. అలల పాలుగాక మిగిలినది రాజుల పాలయ్యెడిదన్నమాట. గణపతిదేవుడా దురాచారమును మాన్పి, నియమిత సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని పరదేశ వర్తకులకు మాట యిచ్చెను. సముద్రమున సర్వస్వము పోగొట్టుకొన్నవానికంటె దీనుడు వేరొకడుండడని కోటలో కూర్చుండిన యొక మెట్టప్రాంతపు రాజు గ్రహించుట మాకు గొప్పగ తోచును.

ఆయన కుమార్తె రుద్రమదేవి కాలమునాటి యీ దేశమును గూర్చి వెనిసు నగర యాత్రికుడు మార్కోపోలో వ్రాసెను. ఇచటి వస్త్రములు సాలెగూటివలె నతిసూక్ష్మములని పొగడి, పాలించు రాణి న్యాయశీలయని కొనియాడెను. ఆమెను రాజుగారి వితంతువని వ్రాయుట మాత్రము పొరపాటు. కూతురు సింహాసన మెక్కియుండునని యా పెద్దమనిషికి తోచలేదు కాబోలు.

ఇక మా ప్రయాణమునకు కారణము చెప్పవలెను. మా వీధిలో తండ్రిలేని బాలిక యొకతె విద్యుత్ ఇంజనీరింగు పూర్తిచేసినది. పరీక్షకై ప్రాజెక్టు వ్రాయుచు అలలశక్తిని గూర్చి చదివి, ఆ విషయముననే పైచదువు చదివి యా పనిలోనే యుండెదనని పట్టుబట్టినది. ఇల్లంతయు రెండుగ చీలినది. మేనత్తగారు, "బ్యాంకు పరీక్ష వ్రాసిన నీడపట్టున కూర్చుండి జీతము తీసికొనవచ్చును. సముద్రము మీద ఆడపిల్లకేమి పని?" అనిరి. తల్లి యేమియు ననలేక, "బిడ్డా, నేను సముద్రమును చూడనైన చూడలేదు. చూడనిదానిని గూర్చి ఔననుటెట్లు, కాదనుటెట్లు?" అనెను. ఆ మాట మాకందరకు న్యాయముగ తోచినది. అందుచే తల్లియు, కూతురును, మేనత్తగారును, ఇరుగుపొరుగు స్త్రీలము మేమిద్దరమును గలిసి విశాఖపట్టణమునకు బయలుదేరితిమి.

వరంగల్లులో సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కితిమి. దారి యంతయు చీకటియే గాన చెప్పవలసినదేమియు లేదు. మేనత్తగారు తెచ్చిన సకినములు ఖమ్మము చేరకముందే యైపోయినవి.

తెల్లవారి రామకృష్ణ తీరమునకు పోయితిమి. యుద్ధమునుండి విరమించిన కురుసుర యను జలాంతర్గామి యొడ్డుననే ప్రదర్శనశాలయై యున్నది; దానిని చూడ జనము గుమిగూడిరి. మేము మాత్రము నీటివైపు తిరిగి కూర్చుంటిమి. తల్లి చాలసేపు మాటాడలేదు. పిదప, "ఇది యలయునా?" అని మాత్రమడిగెను.

బాలిక యచట మాకు చెప్పిన పాఠము చదువరులకును చెప్పెదము. ఒడ్డునకు వచ్చునది నీరు కాదు, కదలిక మాత్రమే. లోపల తేలుచున్న కొబ్బరికాయను చూచినచో అది యల వచ్చినపుడు లేచి కొంచెము ముందునకు సాగి, దిగి, మరల దాదాపు తన చోటికే వచ్చును. పచ్చని వరిచేనిమీద గాలి వీచినపుడు చేనంతయు పరుగెత్తినట్లుండును గాని యే మొక్కయు తన చోటు విడువదు గదా! అట్లే. సూర్యుని వేడిమిచే గాలియు, గాలిచే నలలును పుట్టుచున్నవి. గాలి యాగినను అల యాగదు. వేలమైళ్ళ దూరమున, దక్షిణ మహాసముద్రములో, పుట్టిన యలలు కూడ మన దేశపు తీరమునకు వచ్చి పడును.

అలలోని బలమునకు లెక్క కలదు. మీటరు ఎత్తున, ఎనిమిది సెకండ్లకొకటి చొప్పున వచ్చు నలలలో, తీరపు ప్రతి మీటరు వెడల్పునకు సుమారు 4 కిలోవాట్ల శక్తి యుండును. అనగా నాలుగు పెద్ద ఇస్త్రీపెట్టెలు ఎడతెగక కాలుటకు చాలినంత. ఎత్తు రెట్టింపైనచో శక్తి రెట్టింపగుట కాదు, నాలుగురెట్లగును, 16 కిలోవాట్లు. ఈ పరిశ్రమ యొక్క యాశయు, కష్టమును ఈ యొక్క లెక్కలోనే యున్నవి. కష్టమెట్లో తరువాత చెప్పెదము.

మన దేశములో ఈ శక్తిని నిజముగ పట్టి చూపినది కేరళమున తిరువనంతపురము దగ్గరి విళింజము రేవునందు. మదరాసు ఐ.ఐ.టి. సముద్ర ఇంజనీరింగు ఆచార్యులు వి. ఎస్. రాజుగారు, ఎం. రవీంద్రన్‌గారు మొదలగువారు 1980వ దశకమున పనికి పూనుకొనిరి. అలల నాపు గోడకు సుమారు 45 మీటర్ల దూరమున, 3000 టన్నుల బరువుగల కాంక్రీటు పెట్టెను సముద్రముమీద తేల్చి తెచ్చి యడుగున కూర్చుండబెట్టిరి. 1991లో అది పనిచేయనారంభించినది. దాని శక్తి 150 కిలోవాట్లు.

దాని పనితీరు మన స్త్రీలకు చప్పున తెలియును. కొలిమితిత్తిని తలచుకొనుడు. పెట్టెకు సముద్రమువైపున నీటిలో నోరు కలదు. అల వచ్చినపుడు లోపలి నీరు పైకి లేచి, పైనున్న గాలిని సన్నని గొట్టముగుండ వెలికి నెట్టును. అల దిగినపుడు నీరు క్రుంగి, గాలిని లోనికి పీల్చుకొనును. గొట్టములో చక్రమున్నది. గాలి పోవునపుడొక వైపునకును, వచ్చునపుడు మరియొక వైపునకును తిరిగినచో నది కవ్వమువలె నగును. కవ్వము మజ్జిగకు మేలే గాని విద్యుత్తునకు పనికిరాదు. బెల్ఫాస్టు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆలన్ వెల్స్ 1970వ దశకమున నొక రెక్కలచక్రమును కల్పించెను. గాలి యెటునుండి వచ్చినను అది యొకే దిక్కునకు తిరుగును. తిరుగలిని అత్తగారు లాగినను, కోడలు నెట్టినను రాయి యొకవైపునకే తిరుగునట్లు! విళింజములో పెట్టినది అట్టి వెల్స్ టర్బైనే.

అచటి యలలలో మీటరునకు సాలుసరి 13 కిలోవాట్ల శక్తి యుండగా, వర్షర్తువున నది యించుమించు రెట్టింపగును. మిగిలిన మాసములలో బాగుగ తగ్గును. విద్యుత్తు సమముగ రాలేదు. 2004లో ఆ శక్తితో ఉప్పునీటిని మంచినీరుగ మార్చు యంత్రమును నడపి చూచిరి. దినమునకు 10,000 లీటర్ల నీరు వచ్చెడిది. 2011లో ఆ కేంద్రమును మూసివేసిరి. ఇరువది సంవత్సరములు ఉప్పుగాలిలో నిలిచిన యంత్రమును విఫలమనుట మాకిష్టము లేదు. అయినను దాని వెంట రెండవది రాలేదనుటయు సత్యమే.

ఈ విషయమున నొక గృహిణి కథ చెప్పక మానలేము. 1973లో చమురు కరవు వచ్చి ఐరోపా యంతయు చలికి వణకుచుండగా, ఎడింబరోలో స్టీఫెన్ సాల్టర్ యను పండితుడు జ్వరపడి మంచమున నుండెను. ఆయన భార్య మార్గరెట్ డొనాల్డ్‌సన్ బాలమనస్తత్వ శాస్త్రమున పేరుపొందిన విదుషీమణి. ఆమె భర్తను చూచి, ఊరక మూలుగుచు పండుకొనుటకంటె ఈ శక్తికరవునకేదేని యుపాయ మాలోచింపరాదా యని మందలించినదట. ఆయన యాలోచించి, అలలపై బాతువలె తలయూపు తేలుడుయంత్రమును కనిపెట్టి 1974లో ప్రకటించెను. నేటి యలలశక్తి శాస్త్రమునకు ఆ బాతే యాదిపురుషుడని చెప్పుదురు. అంతకు మునుపు 1799లోనే పారిసు నగరమున గిరార్ద్ అను తండ్రికొడుకులు అలలశక్తికి హక్కుపత్రము పొందిరి. జపానులో యోషియో మసుదా యనువారు నావలకు దారిచూపు దీపపు బోయాలను అలలచేతనే వెలిగించిరి. కాని మంచముప్రక్కన నిలిచిన యిల్లాలి మాటయే మా మేనత్తగారికి నచ్చినది. ఆ దినమున ఆమె నవ్వుట అదియే మొదటిసారి.

మధ్యాహ్నము జాలరిపేటవైపు నడచితిమి. వల బాగుచేసికొనుచున్న ముసలమ్మ యొకతెను, "అవ్వా, ఈ కెరటాలతో దీపాలు వెలిగిస్తారట, నమ్ముదువా?" అని మేనత్తగారడిగిరి. ఆమె తలయెత్తక, "ఎలిగిస్తే మంచిదే తల్లీ. హుదుద్ నాడు ఇదే కెరటం మా పడవలెత్తి రోడ్డుమీదెట్టింది. ఆ మిషను అప్పుడు నిలబడాల గదా," అనెను.

ఇంజనీర్లు గ్రంథములలో వ్రాయునదియు ఇదియే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుదుద్ తుపానును మరచినవారిచట లేరు. యంత్రము మీటరు అలలో సంపాదింపవలెను. అయిదారు మీటర్ల యలలో బ్రతికి బయటపడవలెను. పై లెక్క ప్రకారము ఎత్తు ఆరురెట్లైన బలము ముప్పదియారు రెట్లగును. దినదినమును గ్రుక్కెడు నీరు త్రాగునట్టిదానికి ఏడాది కొకనాడు చెఱువంతయు మీదపడినట్లు! పెద్ద పెద్ద ప్రయత్నములును చెడినవి. పోర్చుగల్ తీరమున 2008లో పెలామిస్ అను పాములవంటి యంత్రములను మూడింటిని నిలిపిరి. కొలది మాసములకే యొడ్డునకు లాగవలసివచ్చినది. ఆ సంస్థ 2014లో దివాలాతీసినది. నిలిచినదియు కలదు. స్పెయినునందలి ముత్రికు రేవుగోడలోనే 2011లో 16 చక్రములమర్చిరి. వాని మొత్తము శక్తి 296 కిలోవాట్లు. గోడ యెట్లును కట్టవలసినదే గాన యంత్రమునకు వేరుగ కోట కట్టుకొను వ్యయము తప్పినది. ఇది గృహిణి బుద్ధివంటి బుద్ధి.

మన దేశపు తీరమంతటను కలిపి అలలనుండి 40,000 మెగావాట్లు రావచ్చునని ప్రాథమికపు టంచనా. ఇది కాగితముమీది సంఖ్య. ఒక్క యిల్లును దీనివలన నేడు వెలుగుట లేదు. అందులోను పడమటి తీరపు అలలకున్న బలము మన తూర్పుతీరమున తక్కువ. 2019 ఆగస్టులో కేంద్రప్రభుత్వమువారు సముద్రశక్తిని గాలి, సూర్యరశ్ములతో సమానముగ పునరుత్పాదక శక్తిగ నంగీకరించిరి. 2025లో ముంబయి తీరమున 100 కిలోవాట్ల ప్రయోగయంత్రమునకై యొడంబడిక జరిగినది.

ఇక ఉద్యోగముల మాట. మేము దీనినే తెలిసికొన బయలుదేరితిమి గాన దాపరికము లేక వ్రాయుదుము. "అలలశక్తి" యను పేరుతో మన దేశమున ఉద్యోగములు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. అవియు చాలవరకు పరిశోధనలకు సంబంధించినవి. రెండు మూడేండ్ల గడువుగలవి. మేనత్తగారి భయము నిరాధారము కాదు. కాని ఈ విద్య యొక్క గుణమేమనగా, దీనిని నేర్చినవారికి సముద్రమున్న ప్రతిచోటను పని కలదు. కాంక్రీటు పెట్టెను కట్టువారు రేవులు కట్టగలరు. తేలుడుయంత్రమునకు లంగరు వేయువారు ఓడలను రూపొందింపగలరు. హెచ్చుతగ్గుల విద్యుత్తును సమముచేసి తీగలకెక్కించు విద్య, మా బాలిక నేర్చినది, గాలిమరలకును కావలసినదే. సముద్రములో గాలిమరలు నిలుపుటకై గుజరాతు, తమిళనాడు తీరములందు 1000 మెగావాట్లకు కేంద్రము 2024లో ధనసహాయము మంజూరు చేసినది.

చదువుటకు చోట్లు కలవు. మా వరంగల్లులోనే 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, నేటి ఎన్.ఐ.టి., ఉన్నది, సివిల్, మెకానికల్, విద్యుత్ శాఖలలో నేదైన నిందులకు పునాదియే. సముద్ర ఇంజనీరింగునకు మదరాసు ఐ.ఐ.టి. ప్రసిద్ధము. విశాఖలో భారత సముద్రయాన విశ్వవిద్యాలయపు శాఖలో ఓడల నిర్మాణశాస్త్రము చెప్పుదురు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్రశాస్త్రమునకు 1950వ దశకముననే బీజము పడినది. అమెరికానుండి వచ్చిన ఆచార్యుడు యూజీన్ లాఫాండ్ ఇచటి విద్యార్థులతో నీ తీరపు నీటిని కొలిచెను. ఆయన సతి కాథరీన్ కూడ సముద్ర పరిశోధకురాలే.

సముద్రపు పనికి సముద్రమునొద్దనే కాపురముండవలెనను మాటయు నిజము కాదు. దేశమంతటికిని అలల యెత్తును ముందుగ చెప్పు ఇన్‌కాయిస్ అను సంస్థ 1999నుండి హైదరాబాదులోనే యున్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి వేలమంది పోయిన పిదప, 2007లో హెచ్చరిక కేంద్రమును నెలకొల్పినదియు నచటనే. కేరళపు బెస్తలు నేడు వేటకు పోవచ్చునా, పోరాదా యనునది మన మెట్టనేలనుండి తెలియజేయుచున్నారు. మోటుపల్లి శాసనము జ్ఞప్తికి రాలేదా?

స్త్రీలు ఇందులో లేరనువారికి చెన్నపట్టణమున 1993లో స్థాపించిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థను చూపవచ్చును. అచట సముద్రశక్తి, మంచినీటి విభాగమునకు పూర్ణిమా జలిహాళ్‌గారు నాయకురాలై చాలకాలము పనిచేసిరి. లక్షద్వీపములలోని కవరత్తిలో 2005లో ఆ సంస్థవారు దినమునకు లక్ష లీటర్ల మంచినీరు తీయు యంత్రమును నెలకొల్పిరి. అన్నపుగిన్నె మూతకు ఆవిరి తగిలి చుక్కలు కట్టుట మనకు నిత్యము తెలిసినదే. అచట లోతునందలి చల్లని సముద్రజలమే మూత. పైనీటిని గాలి తగ్గించిన పాత్రలో ఆవిరిగ మార్చి, ఆ చల్లదనముచే చుక్కలు కట్టించెదరు. ఉప్పునీటి నడుమ కాపురముచేయు ద్వీపపు టిల్లాండ్రకు ఆ చుక్కలే త్రాగునీరు.

అంతకంటె మాకు దగ్గరిది అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర. 1919లో చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున పుట్టి, పదునైదవ యేట పెండ్లియై, 1937లో నాలుగు మాసముల పసిబిడ్డతో వైధవ్యమును పొందినది. తండ్రి గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. కూతును నచటనే చేర్చెను. 1943లో ఆమె విద్యుత్ ఇంజనీరింగు పట్టము పొందినది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో నొకతె యైనది. భాక్రానంగల్ విద్యుదుత్పాదక యంత్రముల పనిలో నామె చేయి కలదు. పసిబిడ్డను సోదరునింట నుంచి చదువుకొన్నదని విన్నపుడు మా బాలిక తల్లి కన్నులు తుడుచుకొన్నది.

తిరుగు ప్రయాణమున రైలులో తీర్మానము జరిగినది. గేట్ పరీక్ష వ్రాసి సముద్ర ఇంజనీరింగులో పట్టము తీసికొనవలెనని, అది రాకమునుపు తాత్కాలికపు టుద్యోగమునకు పోరాదని తల్లి షరతు పెట్టినది. పట్టముండిన గడువు ముగిసినను వేరొకచోట పని దొరకునని యామె లెక్క. బాలిక మొదట వాదించి, రాజమహేంద్రవరము దాటునప్పటికి ఒప్పుకొన్నది. మేనత్తగారు మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు. హాస్టలు సముద్రమునకెంత దూరమో తెలిసికొని వ్రాయుమని మాత్రము, పడుకొనబోవుచు, రెండుసార్లు చెప్పిరి.